బ్లడ్ గ్రూప్ కలిసినా క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ వచ్చింది: అక్కకు బావ కిడ్నీ పెట్టవచ్చా?

ప్రశ్న: కవిటి తమ్ముడు

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. మా అక్క వయసు 46 ఏళ్లు. కిడ్నీలు రెండూ దెబ్బతిని, ఏడాదికి పైగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటోంది. కిడ్నీ ఇవ్వడానికి మా బావ తనంతట తానే ముందుకు వచ్చారు. ఇద్దరిదీ ఓ పాజిటివ్ రక్తమే. బావకు షుగరు, బీపీ లేవు. స్కానింగులూ మూత్ర పరీక్షలూ బాగానే వచ్చాయి. ఇక ఆపరేషన్‌కు తేదీ పెట్టుకోవడమే తరువాయి అనుకుంటున్న సమయంలో క్రాస్‌మ్యాచ్ దగ్గర, అంటే అక్క రక్తాన్ని బావ కణాలతో కలిపి పడుతుందో లేదో చూసే పరీక్ష దగ్గర, అంతా ఆగిపోయింది.

రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. సీడీసీ క్రాస్‌మ్యాచ్‌లో టీ కణాలు, బీ కణాలు రెండూ నెగటివ్. ఫ్లో క్రాస్‌మ్యాచ్‌లో టీ కణాలు నెగటివ్, బీ కణాలు పాజిటివ్. సింగిల్ యాంటిజెన్ పరీక్షలో, బావకు ఉన్న డీక్యూ7 అనే యాంటిజెన్‌కు వ్యతిరేకంగా అక్క రక్తంలో యాంటీబాడీ ఉందని, దాని ఎంఎఫ్ఐ 5,600 అని రాశారు. ఇది చూసి ఒక ఆసుపత్రిలో ఈ దాత వద్దు, వేరొకరిని చూసుకోండి అన్నారు. ఇంకో ఆసుపత్రిలో ప్లాస్మా మార్పిడి చేసి, ఖరీదైన ఇంజెక్షన్లు ఇచ్చి, ఇదే కిడ్నీని పెట్టవచ్చునని చెప్పారు. రెండూ పేరున్న ఆసుపత్రులే కాబట్టి ఎవరి మాట వినాలో మాకు తోచడం లేదు.

ఒకే మనిషి రక్తం ఒక పరీక్షలో నెగటివ్‌గా, మరో పరీక్షలో పాజిటివ్‌గా ఎలా వస్తుంది? అక్కాబావలది మేనరికం, బావ మా సొంత మేనమామ కొడుకు. రక్తసంబంధం ఉండి, గ్రూపు కూడా ఒకటే అయినప్పుడు పడకపోవడానికి కారణం ఏమిటి? అక్కకు ఒక కూతురు, ఒక కొడుకు. నడుమ ఒక గర్భం అయిదో నెలలో పోయింది. డయాలసిస్ మొదలైన కొత్తలో హిమోగ్లోబిన్ బాగా పడిపోతే కొన్నిసార్లు రక్తం ఎక్కించారు. వీటికీ దీనికీ సంబంధం ఉందా? మేనకోడలు, మేనల్లుడు, నేను ముగ్గురమూ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాము. మాలో ఎవరిది పడే అవకాశం ఎక్కువ?

బంధువుల్లో కొందరు "కట్టుకున్నవాడి కిడ్నీ కూడా పడని ఒళ్లు" అని అక్క వినేటట్టే అంటున్నారు. ఆమె అదే తలచుకుని కుమిలిపోతోంది. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: టిష్యూ టైపింగ్ ల్యాబ్, హైదరాబాద్

నేను కణజాల పరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. చికిత్స ఏది మంచిదో వైద్యులు చెప్పాలి. రిపోర్టును ఎలా చదవాలో మాత్రం నేను చెప్పగలను. మీకు వచ్చిన ఫలితాలు ఒకదానితో ఒకటి విభేదించడం లేదు. మూడు పరీక్షలూ ఒకే యాంటీబాడీని, అంటే పరాయి కణం మీది గుర్తును (యాంటిజెన్) పట్టుకునే ప్రొటీన్‌ను, మూడు రకాల చూపుతో చూశాయి.

సీడీసీ పరీక్ష అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ట్రేలో జరుగుతుంది. ట్రే నిండా చిన్న చిన్న గుంటలు ఉంటాయి. తడి ఆరిపోకుండా ఒక్కో గుంటలో ముందుగా నూనె చుక్క వేసి, దాని అడుగుకు చేరేలా ఒక మైక్రోలీటరు రోగి సీరం, ఒక మైక్రోలీటరు దాత లింఫోసైట్లు (టీ, బీ రకాల తెల్లకణాలు) వేస్తాము. కొంతసేపు ఆగి, కుందేలు సీరం నుంచి వచ్చే, కణాలను ఛేదించే ప్రొటీన్ల గుంపు అయిన కాంప్లిమెంట్‌ను కలుపుతాము. దాత కణాలను పట్టుకునే యాంటీబాడీ రోగి సీరంలో తగినంత ఉంటే, అది కాంప్లిమెంట్‌ను ప్రేరేపించి కణం పొరకు చిల్లులు పొడిపిస్తుంది. తర్వాత ఇయోసిన్ రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే, బతికి ఉన్న కణాలు చిన్నవిగా మెరుస్తూ కనిపిస్తాయి. చనిపోయినవి ఉబ్బి, రంగు పీల్చుకుని నల్లబడి ఉంటాయి. చనిపోయిన కణాలు ఎంత శాతమో అంచనా కట్టి మార్కు వేస్తాము. అన్నిటికన్నా పెద్ద మార్కు 8. అంటే 80 శాతానికి పైగా కణాలు చనిపోయాయని.

ఈ సూక్ష్మ పద్ధతిని అమెరికాలో పాల్ తెరసాకి, మెక్లెలండ్ 1964లో ప్రచురించారు. అది ఎందుకు తప్పనిసరి అయ్యిందో 1969లో పటేల్, తెరసాకి ఇచ్చిన లెక్క చూస్తే తెలుస్తుంది. క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ ఉండగా కిడ్నీ పెట్టిన 30 మందిలో 24 మందికి అది వెంటనే పాడైంది. నెగటివ్ ఉన్న 195 మందిలో అలా జరిగింది 8 మందికే. అప్పటి నుంచి, ఈ పరీక్ష చేయకుండా కిడ్నీ పెట్టడం ఎవరూ క్షమించని విషయం అయింది.

అయితే కణాన్ని చంపగలిగేంత మోతాదులో యాంటీబాడీ ఉంటేనే సీడీసీ పాజిటివ్ అవుతుంది. ఫ్లో పరీక్షలో కణం చావవలసిన అవసరం లేదు. యాంటీబాడీ కణం మీద అతుక్కుంటే చాలు, దానికి తగిలించిన మెరిసే రంగు వల్ల యంత్రం దాన్ని పట్టుకుంటుంది. ఇక సింగిల్ యాంటిజెన్ పరీక్షలో దాత కణాలే ఉండవు. ఒక్కో పూస మీద ఒక్కో హెచ్ఎల్ఏ యాంటిజెన్ (కణం సొంతదా పరాయిదా అని శరీరం గుర్తుపట్టే ప్రొటీన్) మాత్రమే అతికించిన సుమారు వంద రకాల సూక్ష్మమైన పూసలు ఉంటాయి. రోగి సీరంలోని యాంటీబాడీ ఏ పూసకు అంటుకుందో చూసి, ఫలానా యాంటిజెన్ మీద అని పేరు చెప్పగలుగుతాము. ఈ వరుసలో ఒక్కో పరీక్ష ముందుదానికన్నా సున్నితమైనది. అందువల్ల మీ అక్కగారి రక్తంలో యాంటీబాడీ నిజంగానే ఉంది, కాని కణాలను వెంటనే చంపేంత లేదు అని ఈ మూడూ కలిసి చెబుతున్నాయి.

టీ కణాలు నెగటివ్, బీ కణాలు పాజిటివ్ అన్నది కూడా ఇదే మాటకు సరిపోతుంది. హెచ్ఎల్ఏ మొదటి తరగతి యాంటిజెన్లు, అంటే ఏ, బీ, సీ అనేవి, టీ కణాల మీదా బీ కణాల మీదా ఉంటాయి. రెండో తరగతివి, అంటే డీఆర్, డీక్యూ, డీపీ అనేవి, విశ్రాంతిలో ఉన్న టీ కణాల మీద ఉండవు, బీ కణాల మీద ఉంటాయి. డీక్యూ7 రెండో తరగతిది. బీ కణాలు ఒక్కటే పాజిటివ్ వచ్చిన ప్రతిసారీ దాన్ని నమ్మలేము. రోగికి లూపస్ వంటి జబ్బు ఉన్నా, అంతకుముందు బీ కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ అనే మందు ఇచ్చి ఉన్నా అబద్ధపు పాజిటివ్ రావచ్చు. ఇక్కడ పూసల పరీక్ష విడిగా అదే యాంటిజెన్‌ను చూపుతోంది కాబట్టి దీన్ని తేలికగా తీసుకోకూడదు.

5,600 అనే అంకె గురించి మాత్రం రెండు మాటలు చెప్పాలి. ఎంఎఫ్ఐ అంటే పూస ఎంత ప్రకాశించిందో చెప్పే కొలత. అది రక్తంలో ఉన్న యాంటీబాడీ పరిమాణం కాదు. ఒకే సీరం రెండు ల్యాబుల్లో వేరు వేరు అంకెలు ఇవ్వవచ్చు. కొన్నిసార్లు యాంటీబాడీ మరీ ఎక్కువగా ఉంటే కాంప్లిమెంట్ భాగాలు పూస మీద పేరుకుని అంకె తగ్గి కనిపిస్తుంది. సీరాన్ని పలుచన చేసి మళ్లీ చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. కాబట్టి మీ ల్యాబ్‌ను ఈ విషయాలు అడగండి: డీక్యూ7 ఉన్న పూసలన్నీ వెలిగాయా, ఒక్కటేనా? పలుచన చేసి చూశారా? డీక్యూ8, డీక్యూ9 పూసల మీద ఎంత వచ్చింది? ఈ మూడూ దగ్గరి పోలికలు ఉన్న యాంటిజెన్లు. మరో దాతను వెతికేటప్పుడు ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు మీకు చాలా అవసరమవుతుంది.

జవాబు: నెఫ్రాలజిస్టు, విశాఖపట్నం

ముందుగా మీ అక్కగారికి చెప్పవలసిన మాట. ఆమె ఒంట్లో దోషం ఏదీ లేదు. ఈ యాంటీబాడీ ఆమె బిడ్డలను మోసినందువల్ల వచ్చిందని చెప్పడానికే ఎక్కువ ఆధారం ఉంది. కడుపులోని బిడ్డకు సగం హెచ్ఎల్ఏ తండ్రి నుంచి వస్తుంది. గర్భధారణలో, ముఖ్యంగా కాన్పు సమయంలో, గర్భం పోయినప్పుడు కూడా, బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలో కలుస్తాయి. తల్లి రోగనిరోధక వ్యవస్థ వాటిపై ఉన్న తండ్రి యాంటిజెన్లను పరాయివిగా గుర్తించి యాంటీబాడీలు తయారుచేయవచ్చు. ఆ బిడ్డలకు దానివల్ల సాధారణంగా ఏ హానీ జరగదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ భర్తే కిడ్నీ ఇవ్వబోయినప్పుడు ఆ జ్ఞాపకం బయటపడుతుంది. పిల్లలను కన్న ఎందరో స్త్రీలకు భర్త కిడ్నీ విషయంలో ఎదురయ్యే సమస్యే ఇది. తర్వాత ఎక్కించిన రక్తంలోని తెల్లకణాలు కూడా ఆ జ్ఞాపకాన్ని తట్టిలేపి ఉండవచ్చు. ఈ మాటలు మీరు బంధువులకు కూడా చదివి వినిపించండి.

బ్లడ్ గ్రూపు వేరు, హెచ్ఎల్ఏ వేరు. గ్రూపును నిర్ణయించే జన్యువు 9వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. హెచ్ఎల్ఏ జన్యువులు 6వ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే గుంపుగా ఉంటాయి. గ్రూపు ఒకటే అయినంత మాత్రాన హెచ్ఎల్ఏ కలవాలని ఏమీ లేదు.

ఇక మేనరికం సంగతి. పక్కపక్కనే ఉన్నందువల్ల హెచ్ఎల్ఏ జన్యువులు తాళంచెవుల గుత్తిలా మొత్తంగా ఒకేసారి తరం నుంచి తరానికి అందుతాయి. ఆ గుత్తిని హ్యాప్లోటైప్ అంటాము. ప్రతి మనిషికీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి ఉంటాయి. మేనమామ కొడుకుతో, మేనత్త కొడుకుతో ఒక హ్యాప్లోటైప్ కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. మిగిలిన మూడు వంతులు, హెచ్ఎల్ఏ దృష్టిలో వారు పరాయివారితో సమానం. కాబట్టి రక్తసంబంధం ఉన్నా కలవకపోవడంలో వింత లేదు.

మీ ముగ్గురిలో ఎవరు అన్నదానికి ఊహతో కాకుండా, ఎవరికి ఏ హెచ్ఎల్ఏ ఉందో చూసే టైపింగ్‌తోనే జవాబు దొరుకుతుంది. డీక్యూ7 మీ బావగారి రెండు హ్యాప్లోటైపుల్లో ఒకదాని మీదే ఉంటే, ఒక్కో బిడ్డకు అది వచ్చే అవకాశం సగం. వచ్చిన బిడ్డ కిడ్నీకీ తండ్రి కిడ్నీకీ ఎదురయ్యే అడ్డంకి ఒకటే. రాని బిడ్డకు ఆ అడ్డంకి ఉండదు. పిల్లల కిడ్నీ అమ్మకు తప్పక పడుతుందని చాలామంది నమ్ముతారు; గర్భం వల్లే యాంటీబాడీ పుట్టిన తల్లి విషయంలో ఆ నమ్మకం మీద ఆధారపడకూడదు.

తోబుట్టువుల మధ్య రెండు హ్యాప్లోటైపులూ కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు, ఒక్కటి కలిసే అవకాశం సగం, ఏదీ కలవకపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. మీకూ అక్కకూ రెండూ కలిస్తే అంతకన్నా మంచి దాత ఉండరు. అయితే మీ ఇంట్లో మేనరికం ఉంది కాబట్టి ఒక జాగ్రత్త అవసరం. మీ అమ్మగారూ బావగారి నాన్నగారూ అన్నాచెల్లెళ్లో అక్కాతమ్ముళ్లో అవుతారు. వారి కుటుంబంలో నడుస్తున్న హ్యాప్లోటైప్ మీదే ఆ డీక్యూ7 ఉంటే, అది అక్కకు రాకుండా అమ్మ ద్వారా మీకు వచ్చి ఉండే అవకాశం ఉంది. అప్పుడు బావ విషయంలో వచ్చిన చిక్కే మీ విషయంలోనూ వస్తుంది. తమ్ముడిని కదా అని ముందే ధైర్యం చెప్పుకోకుండా టైపింగ్ చేయించుకోండి.

రెండు ఆసుపత్రులు రెండు రకాలుగా చెప్పడం గురించి నా అభిప్రాయం. రెండో ఆసుపత్రి చెప్పినది అసాధ్యమైనదీ కాదు, మోసమూ కాదు. ప్లాస్మా మార్పిడితో రక్తంలోని యాంటీబాడీలను తీసివేసి, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల ఇంజెక్షన్) ఇచ్చి, కొన్నిచోట్ల రిటుక్సిమాబ్ కూడా ఇచ్చి, క్రాస్‌మ్యాచ్ నెగటివ్ అయ్యాక కిడ్నీ పెడతారు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు ఇలా చికిత్స చేసిన 211 మంది వివరాలను 2011లో ప్రచురించారు. ఎనిమిదేళ్ల తర్వాత వారిలో 80.6 శాతం మంది జీవించి ఉన్నారు. డయాలసిస్ మీదే ఉండిపోయిన వారిలో అది 30.5 శాతం. బ్రిటన్‌లో 2017లో వెలువడిన అధ్యయనంలో మాత్రం, ఇలా మార్పిడి చేయించుకున్నవారు జాబితాలో వేచి ఉన్నవారికన్నా ఎక్కువ కాలం బతికినట్టు తేలలేదు. అక్కడ డయాలసిస్ మీద ఉన్నవారు మెరుగ్గా ఉండటం, వేచి ఉన్నవారిలో కొందరికి అనువైన కిడ్నీ దొరకడం ఇందుకు కారణాలు కావచ్చు. అంటే ఈ చికిత్స విలువ, దానికి బదులుగా మీకు ఏ దారి తెరిచి ఉందన్నదాని మీద ఆధారపడుతుంది.

దీని కష్టనష్టాలు కూడా తెలుసుకోండి. శరీరంలోని ఐజీజీ అనే రకం యాంటీబాడీలో సగానికి పైగా రక్తనాళాల బయట ఉంటుంది. ప్లాస్మా తీసిన తర్వాత అది మళ్లీ రక్తంలోకి వస్తుంది కాబట్టి రోజు విడిచి రోజు చాలాసార్లు చేయవలసి వస్తుంది. యాంటీబాడీని తయారుచేసే జ్ఞాపక కణాలు శరీరంలో అలాగే ఉంటాయి. కిడ్నీ పెట్టిన మొదటి రెండు వారాల్లో యాంటీబాడీ మళ్లీ ఎగబాకవచ్చు. డీక్యూ మీద వచ్చే యాంటీబాడీలు మొండివి. రోగనిరోధక శక్తిని అంతగా అణచినప్పుడు ఇన్ఫెక్షన్ల భయం ఎక్కువ. ఖర్చు లక్షల్లో పెరుగుతుంది. నన్నడిగితే, ఇంట్లో మరో ముగ్గురు సిద్ధంగా ఉన్నప్పుడు వారి టైపింగ్ చూడకుండా ప్లాస్మా మార్పిడికి వెళ్లకూడదు. వారెవరూ కుదరకపోతే జంటల మధ్య కిడ్నీ మార్పిడి, అంటే స్వాప్, గురించి అడగండి. అదీ కుదరనప్పుడు, లేదా ఎదురుచూసే శక్తి ఆమెకు లేనప్పుడు, ప్లాస్మా మార్పిడి సరైన నిర్ణయమే అవుతుంది. ఈలోగా మృతదాతల కిడ్నీ కోసం ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించడం మరిచిపోకండి.

జవాబు: స్వాప్ ద్వారా కిడ్నీ పొందిన అక్క

తమ్ముడూ, మీ అక్క పరిస్థితే నాదీ. నాకు ముగ్గురు పిల్లలు. మా వారి కిడ్నీకి నా రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయని తేలింది. మాకు స్వాప్ కుదిరింది. మా వారి కిడ్నీ మాకు పరిచయం లేని ఒక సోదరుడికి, ఆయన భార్య కిడ్నీ నాకు పెట్టారు. ఒకరు ఇచ్చాక మరొకరు మనసు మార్చుకునే అవకాశం లేకుండా నాలుగు ఆపరేషన్లూ ఒకే రోజు, ఒకే సమయంలో మొదలుపెట్టారు. అవయవ మార్పిడి కేంద్ర చట్టం 1994లో వచ్చినా, ఈ విధానానికి చోటిచ్చింది 2011 సవరణ. దాతలు తమ తమ రోగులకు దగ్గరి బంధువులై ఉండాలి, అనుమతి కమిటీ ఒప్పుకోవాలి. తెలంగాణ శాసనసభ ఆ సవరణను 2025లో స్వీకరించింది. మీరు చేరబోయే ఆసుపత్రిలోని ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ దగ్గర మీ రాష్ట్రంలో అనుమతులు ఎలా తీసుకోవాలో వివరంగా అడగండి.

ఒక నిజం కూడా చెప్పాలి. మీ అక్క ఓ గ్రూపు కాబట్టి ఆమెకు ఓ గ్రూపు దాతే కావాలి. ఓ గ్రూపు దాత ఎవరికైనా ఇవ్వగలరు. అందువల్ల అలాంటివారు చాలావరకు నేరుగా సొంతవారికే ఇచ్చేస్తారు, స్వాప్ జాబితా దాకా రారు. యాంటీబాడీల వల్ల ఆగిపోయిన మరో ఓ గ్రూపు దాత దొరికితేనే మీకు కుదురుతుంది. ఎదురుచూపు పొడుగవ్వవచ్చు, దానికి మనసును సిద్ధం చేసుకోండి.

ఈలోపు రక్తం ఎక్కించే విషయంలో చాలా జాగ్రత్తగా ఉండండి. హిమోగ్లోబిన్ తగ్గిందనగానే ఒక సీసా ఎక్కించడం కొన్ని డయాలసిస్ కేంద్రాల్లో అలవాటుగా జరిగిపోతుంది. ఐరన్ ఇంజెక్షన్లు, రక్తం పట్టేలా చేసే ఎరిత్రోపోయిటిన్ సక్రమంగా ఇస్తే చాలాసార్లు ఆ అవసరమే రాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎక్కించక తప్పదు. అప్పుడు తెల్లకణాలను వడకట్టిన రక్తం అడగండి. దానివల్ల ముప్పు తగ్గుతుందే గాని పూర్తిగా పోదు. మార్పిడి కోసం ఎదురుచూస్తున్న మనిషి అని కేసు షీటు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. మార్పిడి తర్వాత కూడా యాంటీబాడీల కథ ముగియదు. శరీరం కిడ్నీని తిరస్కరించకుండా వేసుకునే టాక్రోలిమస్ మాత్ర వేళ తప్పితే కొత్త యాంటీబాడీలు పుట్టి, ఏ నొప్పీ తెలియకుండానే కిడ్నీని ఏళ్ల తరబడి తినేస్తాయి. మాత్ర వేసుకునే వేళకు ఫోను మోగేలా పెట్టుకుని, దాన్ని ఒక్కనాడూ దాటనివ్వకుండా చూసుకుంటున్నాను.

ప్రశ్న అడిగిన కవిటి తమ్ముడు

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ రుణపడి ఉంటాను. డాక్టర్ గారు రాసినది అక్కకూ అమ్మకూ చదివి వినిపించాను. బంధువుల మాటల గురించి అక్క ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా ప్రస్తావించలేదు.

మా ముగ్గురి టైపింగ్ వచ్చింది. మేనకోడలికి డీక్యూ7 వచ్చింది, మేనల్లుడికి రాలేదు. నాకూ అక్కకూ అమ్మవైపు హ్యాప్లోటైప్ కలిసింది, నాన్నవైపుది కలవలేదు. భయపడినట్టు నాకు డీక్యూ7 లేదు. డీక్యూ8, డీక్యూ9 కూడా లేవు. అయితే నాకు ఉన్న ఏ24 మీద అక్క సీరంలో ఎంఎఫ్ఐ 900 అని ఉంది. మేనల్లుడికి 22 ఏళ్లు. వాడు ఎంత బతిమాలినా వాడి కిడ్నీ తీసుకోనని అక్క ఖండితంగా చెబుతోంది. ఇంకో విషయం, పోయిన వారం డయాలసిస్‌లో రక్తం బాగా పోయి ఒక యూనిట్ ఎక్కించవలసి వచ్చింది. ఇప్పుడు నేను ముందుకు వెళ్లవచ్చా?

జవాబు: నెఫ్రాలజిస్టు, విశాఖపట్నం

వెళ్లవచ్చు. మొదట చూడవలసిన దాత మీరే. మేనల్లుడి విషయంలో మీ అక్కగారి నిర్ణయాన్ని నేను సమర్థిస్తాను. మీ ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. మీ కవిటి ఉన్న ఉద్దానంలో ఇన్ని కుటుంబాలకు కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందో కచ్చితమైన కారణం ఈనాటికీ తేలలేదు. అది మొదట్లో లక్షణాలు లేకుండానే ముదురుతుంది. 22 ఏళ్ల కుర్రవాడికి ఈ రోజు పరీక్షలన్నీ బాగున్నా, నలభై ఏళ్ల వయసుకు ఆ జబ్బు రాదని నేను చెప్పలేను. అదే ప్రశ్న మీకూ వర్తిస్తుంది. మీ విషయంలో సీరం క్రియాటినిన్ ఒక్కటి చూసి ఊరుకోకుండా, డీటీపీఏ స్కాన్‌తో కిడ్నీల పనితీరు కొలిపించండి. మూత్రంలో ప్రొటీన్ ఎంత పోతోందో వేరు వేరు రోజుల్లో చూపించండి. మీ అక్కగారికి అసలు జబ్బు ఏమిటో నిర్ధారించిన కాగితాలు ఏమైనా ఉంటే మీ పరీక్షలు చేసే వైద్యుడికి తప్పక చూపండి. దాతగా మీరు కాదనిపించుకుంటే అది మీకు జరిగిన మేలుగానే భావించండి.

900 అనే అంకె ఒక్కదానితో భయపడనవసరం లేదు, కాని దాన్ని మరిచిపోకూడదు. ఏ24 బావగారికీ ఉందేమో, పిల్లలకు వచ్చిందేమో చూడండి. ఉంటే అది కూడా గర్భం నాటి జ్ఞాపకమే కావచ్చు, అలాంటిది మార్పిడి తర్వాత వేగంగా పెరగగలదు. బావగారికి లేకపోతే ఎక్కించిన రక్తం వల్ల వచ్చి ఉండవచ్చు, లేదా పూస మీది యాంటిజెన్ రూపం చెడడం వల్ల కనిపించిన లెక్క కావచ్చు. ఫ్లో క్రాస్‌మ్యాచ్‌లో టీ కణాలు నెగటివ్ వస్తే ముందుకు సాగవచ్చు. రోగనిరోధక శక్తిని అణచడానికి మొదట్లో ఇచ్చే మందును కొంచెం బలమైనదిగా ఎంచుకుని, మార్పిడి తర్వాత తొలి వారాల్లో ఏ24 మీద యాంటీబాడీని మళ్లీ మళ్లీ చూస్తారు.

జవాబు: టిష్యూ టైపింగ్ ల్యాబ్, హైదరాబాద్

పోయిన వారం రక్తం ఎక్కించారన్నది చాలా ముఖ్యమైన సమాచారం. అంతకుముందు తీసిన సీరంతో వచ్చిన ఫలితం ఇప్పుడు చెల్లదు. ఎక్కించిన రక్తానికి స్పందనగా యాంటీబాడీలు పెరిగాయో లేదో తెలియాలంటే కనీసం 14 రోజులు ఆగి కొత్త సీరం తీయాలి. మళ్లీ పూసల పరీక్ష, మీ కణాలతో సీడీసీ, ఫ్లో రెండూ ఆ కొత్త సీరంతోనే చేయించండి. పాత సీరం ల్యాబ్‌లో భద్రపరిచి ఉంటే దాన్ని కూడా పక్కన పెట్టి పరీక్షించమని అడగండి. ఎప్పుడో ఎక్కువగా ఉండి ఇప్పుడు తగ్గిన యాంటీబాడీ అప్పుడే తెలుస్తుంది. ఆపరేషన్‌కు ముందు చివరిసారిగా మరో క్రాస్‌మ్యాచ్ చేస్తారు. ఆ మధ్యలో రక్తం ఎక్కించినా, పెద్ద ఇన్ఫెక్షన్ వచ్చినా ల్యాబ్‌కు చెప్పండి.

మీరు దూరం నుంచి నమూనాలు పంపుతారు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. అక్కగారి రక్తం డయాలసిస్‌లో హెపారిన్ ఇవ్వకముందే, ఏ మందూ కలపని ట్యూబులో తీయించండి. మీ రక్తం మాత్రం గడ్డకట్టకుండా ఉండేలా ల్యాబ్ చెప్పిన హెపారిన్ లేదా ఏసీడీ ట్యూబుల్లో వెళ్లాలి. క్రాస్‌మ్యాచ్‌కు మీ లింఫోసైట్లు బతికి ఉండాలి. ఐస్ మీద పెడితే, ఎండలో బస్సు డిక్కీలో పడేస్తే అవి చచ్చిపోతాయి, పరీక్ష చేయలేము. గది ఉష్ణోగ్రతలోనే ఉంచి, తీసిన 24 గంటల్లోపు చేరేలా, మరుసటి రోజు ల్యాబ్ తెరిచి ఉండే రోజు చూసుకుని పంపండి. ట్యూబు మీద పేరుతో పాటు తీసిన తేదీ, సమయం రాయించండి. పంపే కాగితంలో చివరిసారి రక్తం ఎక్కించిన తేదీ వేయించండి.